కడిగిన చెంచలాకు

మా తమ్ముడి మనవరాలికి ఆహార పరీక్షలు చేసే లాబరేటరీలో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు నా దగ్గరికి వచ్చి, "అవ్వా, నువ్వూ ఇదే పని చేసినావంట కదా, ఏమన్నా చెప్పు" అంది. చెప్పడం మొదలుపెట్టాను. సగం కాకముందే దాని బస్సు వేళయింది. మిగిలింది రాసి పంపమని పోయింది. నేను చదివింది మూడో తరగతి. నా అక్షరాలు వంకర టింకర, పేజీకి పది వరుసలు పడితే గొప్ప. జ్ఞాపకానికి మాత్రం చదువుతో పని లేదు. అందుకని రాస్తున్నాను. దానికే కాదు, ఆ పనిలోకి పోయే పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు.

జీతం ఎంత, పై అధికారులు ఎవరు, ఇవేవీ రాయను. అవి గుర్తుపెట్టుకున్నా ఎవరికీ పనికి రావు.

గాజు సామాను

కర్నూలు రాజధాని అయిన ఏడు, అంటే యాభై మూడులో, నేను పనిలో చేరాను. అప్పటికి నా భర్త పోయి ఏడాది కూడా నిండలేదు. నంద్యాల ఊరి చివర ఒక అద్దె ఇంట్లో పరీక్షల గది పెట్టారు. అది ఏ శాఖదో చెప్పను. ఇప్పుడది లేదు. అందులో ఉన్నది ఇద్దరమే. పరీక్షలు చేసేది రాఘవాచారి సారు. ఊడ్చి, కడిగి, ఎండబెట్టి, దంచి, అన్నీ అందించేది నేను.

సారు గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, చెయ్యి నిదానం. త్రాసు ముందు కూర్చుంటే ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలేవారు. మన వైపు జనం తినే గింజలు, ఆకులు, గడ్డలు తెప్పించి, దేంట్లో ఎంత బలం ఉంది, దేంట్లో చెడు ఉంది అని తేల్చడం ఆయన పని. పగిడ్యాల జొన్నలు, సంజామల శనగాకు, నల్లమల నుంచి చెంచులు తవ్వి తెచ్చే గడ్డలు, అన్నీ మా బల్ల మీదికి వచ్చేవి. ఆకును ఎండబెట్టి, పొడి చేసి, తూచి, చిన్న పింగాణీ మూసలో పోసి, తెల్లటి బూడిదయ్యే దాకా కాలుస్తారు. ఆ బూడిదలో సున్నం ఎంత, ఇనుము ఎంత అని సారు లెక్క కట్టేవారు.

చేరిన రెండో నెలలో కొర్రల్లో సున్నం చాలా ఎక్కువగా తేలింది. సారు మళ్ళీ చేశారు. ఇంకా ఎక్కువ వచ్చింది. మూడోసారీ అంతే. మన కొర్రల్లో ఇంత బలం ఉందని ఎవరికీ తెలియదు, ఇది పెద్ద సంగతి అని ఆయనకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున ఏదో పనికి పెరట్లోకి వచ్చి, నేను కడిగే చోట నిలబడిపోయారు. నేను మూసలు తోముతున్నాను. మా అమ్మ నేర్పినట్టు, పొయ్యిలో బూడిదతో.

"ఓబులమ్మా, కొర్రల్లో సున్నం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. మీ పొయ్యిలోది" అన్నారు.

నాకు సిగ్గుతో తల భూమిలోకి పోయింది. ఆయన మాత్రం గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత కూర్చోబెట్టి నేర్పారు. ఏ గిన్నెకూ బయటి మురికి అంటకూడదు. ఏ ఆకుకూ మట్టి ఉండకూడదు, ఎందుకంటే మన ఎర్ర మట్టిలో ఇనుము ఉంటుంది, అది ఆకులో ఇనుము అనుకుని మోసపోతాం. ఆకు రాగానే మూడు నీళ్ళతో కడగాలి, చివర ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళతో జాడించాలి, గుడ్డ మీద ఆరబెట్టాలి. ఆ రోజు నుంచి నేను కడిగినట్టు నంద్యాలలో ఎవరూ కడిగి ఉండరు. కాలువ దగ్గరే ఉంది, నీళ్ళకు కొదవ లేదు. మళ్ళీ ఆ సిగ్గు పడకూడదని అంత పట్టుదల.

చూడు పాపా, ఒక తప్పుకు భయపడి నేర్చుకున్న జాగ్రత్తను మనం ఎప్పుడూ అనుమానించం. అది మంచి గుణమని మురిసిపోతాం. నేను అట్లే మురిసిపోయాను.

వీధిలో పెద్దరికం

ఆ పనిలో సంతోషం లేదని చెబితే అబద్ధం. సారు ఒక్కొక్క ఆకు సంగతి తేల్చి నాతో చెప్పేవారు. మునగాకులో ఇంత, పుంటికూరలో ఇంత, పొన్నగంటాకులో ఇంత అని. లెక్కలు నాకు ఎక్కేవి కావు గానీ, ఏది దేనికి మంచిదో మనసులో పడిపోయేది. సాయంత్రం మా వీధి ఆడవాళ్ళు నా అరుగు మీదికి చేరేవారు. బిడ్డ పాలిపోయి ఉంది, ఏం పెట్టాలి ఓబులక్కా అని అడిగేవారు. ఆ ఆకు పెట్టు, ఈ ఆకు పెట్టు అని చెప్పేదాన్ని. మొగుడు పోయినదానికి వీధిలో ఏ పాటి మర్యాద ఉండేదో మీకు తెలియదు. నాకు ఆ మర్యాద ఆకుల వల్ల తిరిగి వచ్చింది. చెప్పడం అలవాటైపోయింది. అడగని వాళ్ళకు కూడా చెప్పడం మొదలుపెట్టాను.

ఆళ్లగడ్డ అవతలి ఊరు

ఇప్పుడు రాయబోయేది నేను మోస్తున్న సంగతి. ఆళ్లగడ్డ దాటి, దొర్నిపాడు దారిలో నల్లరేగడి నేలలో ఒక పల్లె ఉంది. పేరు రాయను. ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

ఒక ఏడు పత్తి మొలకెత్తాక వాన మొహం చూపించలేదు. ఊరి బావిలో నీళ్ళు అడుగంటాయి. పత్తి సాళ్ళ మధ్య మాత్రం చెంచలాకు దానంతటదే మొలిచింది. కూలి దొరకని ఇళ్ళలో అదే కూర, అదే పప్పు. అట్లాంటి రోజుల్లో ఒక ఇంట్లో ముసలామెకు, కోడలికి, ఇద్దరు పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. రెండు రోజులకు తగ్గాయి. ఆకు మీద అనుమానం వచ్చి, ఊరి పెద్దలు ఒక గంపెడు ఆకు కోయించి, కాగితం రాసి, తలారి పుల్లన్న చేతికిచ్చి బస్సెక్కించారు.

సారు కాగితం చదువుకుని, ఆకులో చెడు ఏమన్నా ఉందేమో చూడాలి, రేపటికి సిద్ధం చేయి అన్నారు. నేను సిద్ధం చేశాను. మూడు నీళ్ళు, ఆపైన ఆవిరి నీళ్ళు. మొదటి నీళ్ళు కొంచెం తెల్లగా వచ్చాయి. నల్లరేగడి దుమ్ము తెల్లగా రాదు. అది నా కంటికి కనపడింది, మనసుకు తట్టలేదు. పెరట్లో పారబోశాను.

పత్తి పురుగుకు అప్పట్లో తెల్ల పొడి ఒకటి చల్లేవారు. అందులో పాషాణం, మీరు ఆర్సెనిక్ అంటారే ఆ విషం, ఉండేది. సారుకు ఆ సంగతి తెలుసు కాబట్టే పాషాణం పరీక్ష పెట్టారు. ఆకును ఆమ్లంలో కరిగించి సీసాలో పోసి, జింకు ముక్కలు వేస్తారు. అది బుసబుస పొంగుతుంది. సీసా మూతి దగ్గర మందులో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్క పెడతారు. పాషాణం ఉంటే ఆ కాగితం మీద పసుపు మచ్చ పడుతుంది. ఎక్కువుంటే గోధుమ రంగుకు తిరుగుతుంది. మా కాగితం మీద ఎండుగడ్డి రంగు, అదీ ఉందా లేదా అన్నట్టు పడింది. జింకులోనే కాస్త కల్తీ ఉంటుంది, ఇది దానిదే అన్నారు సారు. ఆకులో దోషం లేదని రాసి ఇచ్చారు.

ఆయన రాసింది అంతే. మిగిలింది నేను చెప్పాను. అందాకా అక్కడే ఆగి, కాగితం తీసుకుని పోతున్న పుల్లన్నను గడప దగ్గర నిలబెట్టి, చెంచలాకు రక్తం పట్టే ఆకు, పిల్లలకు రెండు పూటలా పెట్టమని చెప్పాను. పుల్లన్న తల ఊపి, "మా సుంకమ్మ చిన్న కూతురు తెల్లగా పాలిపోయి ఉంటాదమ్మా, ఆమెకు చెప్తా" అన్నాడు. సుంకమ్మ అంటే ఆ వాంతులు పట్టిన ఇంటి కోడలే. తప్పక చెప్పు అన్నాను.

పన్నెండు రోజులకు పుల్లన్న మళ్ళీ వచ్చాడు. చేతిలో గంప లేదు. ఆ చిన్న కూతురు పోయిందని చెప్పాడు.

సుంకమ్మ పొయ్యి

సారు ఆ రోజు ఏమీ తినలేదు. పరీక్షలో దోషం దొరకలేదు, జ్వరమో మరేదో అయి ఉంటుంది అని తనకు తానే చెప్పుకున్నారు. పొద్దున లేచి, మనం వెళ్దాం, నువ్వు కూడా రా, నేను వంటింట్లోకి పోలేను, నువ్వు పోగలవు అన్నారు. బస్సులో ఆళ్లగడ్డ, అక్కడి నుంచి ఎద్దులబండి.

సారు ఊరి పెద్దలతో చేల వైపు నడిచారు. నేను సుంకమ్మ ఇంట్లోకి పోయాను. ఆమెకు నా వయసే ఉంటుంది. పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన ఏడేళ్ళ పెద్ద కూతురు పళ్ళెం ముందు పెట్టుకుని ఎదురుచూస్తోంది. నేనెవరో చెప్పాను. కూర్చోమని పీట చూపింది. ఏడుపు లేదు. చేటలో చెంచలాకు ఉంది. దాన్ని అరచేత్తో రెండు తట్లు తట్టి, కొంగుతో తుడిచి, గుప్పెడు గుప్పెడు కుండలో వేస్తోంది.

నేను చూస్తూ ఉన్నాను. నా గొంతు నాకే వినపడనట్టు అడిగాను. "కడగవా అక్కా?"

"కడిగేదానికి నీల్లు యాడుండాయమ్మా? పొద్దన్నుంచి బాయి కాడ నిలబడితే సగం కడవ దొరికింది. తాగాల, సంగటికి ఎసురు పెట్టాల. ఆకు కడిగి పారబోసే భాగ్యం మాకేడిది?"

మొదటి నీళ్ళ తెల్లదనం అప్పుడు నా కళ్ళ ముందుకు వచ్చింది. వాళ్ళు తిన్నది ఈ ఆకు. మేము పరీక్ష చేసింది వేరే ఆకు. చేను ఒకటే, మొక్క ఒకటే, కానీ దాని మీద ఉన్న విషాన్ని నేను శుభ్రంగా కడిగి, పెరట్లో పారబోసి, ఏమీ లేని ఆకును సారు చేతికి ఇచ్చాను.

"కుండ దించక్కా. ఆ పాపకు పెట్టొద్దు."

"ఏందీ?" అంది. "మంచి ఆకని మీరే కదా చెప్పి పంపింది? రక్తం పడతాదంటే రెండు పూటలా పెట్టినా. వద్దని మొగం తిప్పుకుంటే బతిమాలి పెట్టినా."

 గుడ్డ పట్టుకుని కుండ నేనే దించి, బయటికి తీసుకుపోయి బోర్లించాను. లోపల పెద్ద కూతురు ఆకలని ఏడ్చింది. సుంకమ్మ నా వైపు చూసిన చూపు నేను రాయలేను.

కడగని ఆకు

చేటలో మిగిలిన ఆకును అట్లే గుడ్డలో మూటకట్టి తెచ్చాం. బండిలోనే సారుకు చెప్పాను, నేను కడిగానని, మొదటి నీళ్ళు తెల్లగా వచ్చాయని. ఆయన మూటను తన ఒళ్ళోకి తీసుకున్నారు. నంద్యాల చేరాక కడగని ఆకుతో సీసా పెట్టారు. కాగితం గంట కాకముందే ముదురు గోధుమ రంగుకు తిరిగింది.

"కడగమని నేర్పింది నేను. దీన్ని కడగొద్దని చెప్పాల్సిందీ నేనే" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి సరుకునూ రెండు భాగాలు చేశాం. ఒకటి కడిగింది, ఒకటి వచ్చింది వచ్చినట్టు. అంతకంటే ముఖ్యం, తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి మీరు దీన్ని ఎట్లా వండుకుంటారు, ఎన్ని నీళ్ళు పోస్తారు, ఏం తీసి పారేస్తారు అని అడిగేవాళ్ళం. ఆ ప్రశ్నలు అడిగే పని నాదే. మీ లాబరేటరీలో ఎన్ని యంత్రాలున్నా, ఈ ప్రశ్నలు అడిగే మనిషి లేకపోతే మీరు తేల్చేది జనం తినని ఆకు సంగతే అవుతుంది.

ఆయన మీద నాకున్న ఫిర్యాదు కూడా రాస్తాను. జరిగింది జరిగినట్టు సారు పైకి రాశారు. పైన ఉన్నవారు మా తప్పు ఉన్న మాట కొట్టేసి, మందు చల్లిన చేలలో ఆకు కోయరాదు, ఏ ఆకైనా బాగా కడిగి తినవలెను అని మాత్రం దండోరా వేయించమన్నారు. సారు తలొగ్గారు. నలుగురు పిల్లలున్న మనిషి. నేను ఆయన్ను తిట్టుకోలేదు. కానీ తలొగ్గారు.

ఆ దండోరా ఏం చేసిందో నెల తర్వాత పుల్లన్న చెబితే తెలిసింది. బాగా కడిగి తినవలెను అని ఊరంతా విన్నారు. మరి సుంకమ్మ కడగలేదు కదా అన్నారు. ఆ ఆకు ఊరంతా అట్లే తిన్నారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఒళ్ళు బద్ధకం మనిషి, కడక్కుండా పెట్టి బిడ్డను చంపుకుందని అత్త బావి దగ్గర నలుగురిలో అంది. పెద్ద కూతుర్ని తల్లి చేతి కూడు తిననీయకుండా తన దగ్గరే పడుకోబెట్టుకుంటోందట. సుంకమ్మ ఎవరితో మాట్లాడదట.

సారుతో చెప్పాను, నేను పోయి నిజం చెప్పి వస్తానని. ఆయన త్రాసు అద్దాల పెట్టె మూశారు.

"చెబితే నీ పని పోవచ్చు. ఈ గది మాట కూడా ఎవరూ నమ్మరు" అన్నారు.

"ఆ తల్లిని నమ్మే వాళ్ళు లేరు కద సార్."

ఆయన కిటికీ వైపు చూస్తూ, "రేపు నీకు సెలవు. ఎందుకని నేను అడగను" అన్నారు.

వాకిలి వాకిలికి

మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను. సుంకమ్మ వాకిట్లో పత్తి ఒలుస్తోంది. అత్త అరుగు మీద ఉంది, మనవరాలి తల దువ్వుతోంది. నేను సుంకమ్మ ముందు నిలబడి చెప్పాను. మీరు పంపిన ఆకును నేను కడిగేశాను, అందుకే విషం కనపడలేదు, పిల్లకు రెండు పూటలా పెట్టమని చెప్పి పంపింది కూడా సారు కాదు, నేనే. నీ తప్పు ఇందులో ఏమీ లేదు.

ఆమె చేతిలోని పత్తికాయ చేతిలోనే ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"ఇంగొగ తూరి చెప్పు" అంది. "గట్టిగా చెప్పు. మా అత్తకు చెవుడు."

గట్టిగా చెప్పాను. ముసలామె దువ్వెన ఆగిపోయింది.  మనవరాలు మాత్రం ఆమె చేతిలోంచి జడ లాక్కుని దిగి, తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది.

సుంకమ్మ లేచింది. ఒళ్ళో పత్తి దులుపుకుంది. నా మణికట్టు పట్టుకుని పక్కింటికి నడిచింది. ఆ ఇంటామెను పేరు పెట్టి పిలిచి, బయటికి రమ్మని, నా వైపు చూసి, "చెప్పు" అంది. చెప్పాను. అక్కడి నుంచి ఎదురింటికి. అక్కడా అదే మాట, "చెప్పు". ఒక ఇంట్లో మగాయన అన్నం తింటున్నాడు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేదాకా నన్ను ఎండలో నిలబెట్టింది. ఒక ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ళు చేను నుంచి రానీ అని గడప మీద కూర్చుంది, నన్నూ కూర్చోబెట్టింది. వాళ్ళొచ్చాక వాళ్ళకూ చెప్పాను. బావి దగ్గర కడవలతో నిలబడిన వాళ్ళందరికీ చెప్పాను. చెప్పి చెప్పి నా గొంతు ఎండిపోయింది. మొదట్లో ఏడుపు వచ్చేది. పోను పోను ఏడుపు కూడా రాలేదు, మాటలే మిగిలాయి. నేను కడిగాను. నేను చెప్పాను. ఆమె తప్పు లేదు.

వీధి చివరి ఇల్లు అయిపోయేసరికి పొద్దు వాలింది. సుంకమ్మ నా చెయ్యి వదిలింది. మణికట్టు మీద ఆమె వేళ్ళ గుర్తులు ఉన్నాయి.

"ఇంగ చాలు" అంది. "పో. బస్సు దొరకదు."

తాగడానికి నీళ్ళు అడుగుదామనుకున్నాను. ఆ ఊర్లో ఆ మాట నా నోటికి రాలేదు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని ఇంటి వైపు తిరిగింది. నేను ఆళ్లగడ్డ దారి పట్టాను.